తాళానికి బొట్టు

చోడవరంలో మాది పెళ్లికార్డుల షాపు. ప్రింటింగ్ మా ఆయన చూసుకుంటారు, తెలుగు టైపింగ్ నాది. ఏ అక్షరం ఎక్కడుందో నా వేళ్లకి తెలుసు గానీ, నన్నడిగితే చెప్పలేను. ఆ అమరిక మా పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. దానికో తాళం కూడా ఉంది, పెన్‌డ్రైవ్ లాంటి ముక్క. అది కంప్యూటర్ వెనక గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది.

నిరుడు సరిగ్గా దసరా ముందు పాత కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది కొన్నాం. పండగ వెళ్లాక అనకాపల్లి నుంచి మెకానిక్ వచ్చాడు. పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త విండోస్‌లోకి ఎక్కించి, నువ్వింకా పాత విండోస్‌లోనే ఉన్నావని దాన్ని నమ్మించాడు. అత్తారింట్లో అడుగుపెట్టిన పిల్లకి ఇది నీ పుట్టిల్లే అని చెప్పినట్టు. అది నమ్మింది కూడా. కానీ తాళం గుచ్చితే, తాళం లేదంటుంది.

"కొత్త విండోస్ దీన్ని తీసుకోదేమో మేడమ్," అన్నాడు మెకానిక్.

మా ఆయన వెంటనే తేల్చేశారు. "పోన్లేయే. టైపింగ్‌కి ఎవరైనా కుర్రగుంటని పెడదాం. కొత్తయి ఆళ్లకి బాగా వస్తాయి. నువ్వు కౌంటర్లో కూసో."

ఒళ్లు మండింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రోలుగుంట నుంచి చీడికాడ దాకా ఎన్ని పెళ్లిళ్లకి అక్షరాలు కొట్టానో ఈ చేతులతో. ఇక కార్డులు చూపించుకుంటూ కూర్చోవాలా?

ఆ కోపంలో తాళం పీకి చూశాను. లోపలి రేకుల మీద పసుపు ఎండిపోయి ఉంది, మధ్యలో కుంకుమ. ఆయుధపూజ నాడు స్టేప్లర్‌ని కూడా వదలరు మా ఆయన. ఇన్నేళ్లూ కంప్యూటర్ వెనక దాక్కుని తప్పించుకున్న తాళం, పాతది పోయాక ఊడదీసి పెట్టిన టేబుల్ మీద దొరికిపోయింది.

"ఏటండీ ఇది?"

"పూజ కదే," అన్నారు నెమ్మదిగా.

మెకానిక్ నవ్వాపుకుంటూ పొడి టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ గుచ్చాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. నేను కూర్చున్నానో లేదో, నా వేళ్లు శ్రీరస్తు శుభమస్తు కొట్టేశాయి. ప్రాణం లేచొచ్చింది.

ఈ దసరాకి ముందుజాగ్రత్తగా తాళం తీసి కొంగున ముడేసుకున్నాను. మా ఆయన కుంకుమ పళ్లెంతో వచ్చి, కంప్యూటర్‌ని దాటుకుని నా పక్కన నిలబడ్డారు.

"సెయ్యి ఇలాగియ్యి."

ఒక్కో వేలికీ బొట్టు పెట్టారు.

"పనిముట్టు ఇదే కదేటి," అన్నారు.

కొంగు ముడి విప్పాను. తాళం గుచ్చి, కీబోర్డు ఎర్రబడితే పడనీ అని టైపింగ్‌కి కూర్చున్నాను.