స్కానర్ అద్దం మీద బొట్టు

పాత కంప్యూటర్‌కు కొత్త యంత్రాన్ని కలపడం నాకు చేతవుతుందని మా ఇంట్లో నేను తప్ప ఎవరూ నమ్మలేదు. ఆ కంప్యూటర్ నేను డిగ్రీ చదివేటప్పుడు కొన్నది. పెళ్లయ్యాక ఛత్రినాకలోని ఈ ఇంటికి నాతోపాటే వచ్చింది. పాత సామాన్లకు ఇచ్చేద్దామని మా ఆయన చాలాసార్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు.

మా గల్లీ చివర చిన్నపిల్లల బడి నడిపే టీచరమ్మ వల్ల దానికి మళ్లీ పని పడింది. పిల్లలు రంగులు వేసే బొమ్మలు ఆవిడ చేత్తో గీస్తుంది. వాటిని స్కాన్ చేసి, కింద పేర్లు టైపు చేసి, ప్రింటు తీసివ్వగలవా అని అడిగింది. మొదటి కట్ట సోమవారం బడి తెరిచేలోగా కావాలి. నచ్చితే ఏడాదంతా ఆ పని నాదే. మా పాపకు అప్పటికి రెండేళ్లు దాటాయి. అది కాసేపు కనబడకపోతేనే ఇల్లంతా వెతుక్కుంటాను. దాన్ని ఎవరి దగ్గరా వదలకుండా చేసుకోగల పని ఇదొక్కటే దొరికింది. అందుకే ప్రింటరూ స్కానరూ కలిసున్న యంత్రం ఒకటి కొన్నాం.

అది శుక్రవారం వచ్చింది. మా అత్తమ్మ పూల వ్యాపారం చేస్తుంది. పొద్దున్నే గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన బంతిపూలలో మంచివి ఏరి యంత్రం ముందు పెట్టింది. ఈ ఇంట్లో మిక్సీ అయినా సరే, బొట్టు పెట్టందే వాడరు. నేను వంటింట్లో పాపకు అన్నం తినిపిస్తుంటే ఆమె ఒక్కతే పూజ ముగించింది. వైరు కొనకు ఒక కాగితం అంటించి ఉంది. ముందు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తర్వాతే వైరు పెట్టాలని దాని మీద రాశారు. అత్తమ్మ మాత్రం గోడ గడియారం చూస్తోంది.

“రాహుకాలం వస్తుంది బిడ్డా. గా వైరేదో ఇప్పుడే పెట్టెయ్. తర్వాత ఎంతసేపన్న కూసో.”

ముందు చేయాల్సిన పని ఇంకొకటుందని చెప్పి చూశాను. ఆమె ముఖం చిన్నబోయింది. సరేనని వైరు పెట్టాను. కంప్యూటర్ కాసేపు తడుముకుని, ఈ పరికరమేదో నాకు తెలియదని చూపించింది.

నేను కంగారుపడలేదు. యంత్రం చెడిపోలేదనీ, కంప్యూటరే దాన్ని తప్పుగా గుర్తుపెట్టుకుందనీ నాకు తెలుసు. వైరు తీసి, ఆ తప్పుడు గుర్తును చెరిపేశాను. డబ్బాలో ఇచ్చిన సీడీ కొత్త విండోస్‌కే పనికొస్తుంది. ఫోన్ నెట్ కలిపి, మా పాత విండోస్‌కు సరిపడే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ సైటులో వెతికి ఎక్కించాను. పాప వైర్లు నోట్లో పెట్టుకోకుండా దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒంటి చేత్తో పని నడిపాను. ఈసారి వైరును కంప్యూటర్‌కు ముందున్న వదులు సందులో కాక వెనకవైపు బిగించాను. యంత్రం గరగరమని పరీక్ష కాగితం బయటికి తోసింది.

“నేను చెప్పిన టైముకు పెట్టినవ్ కాబట్టి నడిచింది” అంది అత్తమ్మ.

రెండోసారి వైరు పెట్టింది సరిగ్గా రాహుకాలంలోనని నేను చెప్పలేదు.

తీరా టీచరమ్మ గీసిన ఏనుగును స్కాన్ చేస్తే దాని నెత్తి మీద ఎర్రటి మరక వచ్చింది. ప్రింటు తీస్తే కాగితం మీదా అదే. రెండో ఏనుగుకూ అక్కడే వచ్చింది. యంత్రం వెనక్కి పంపాల్సి వస్తే సోమవారానికి ఏ దారీ లేదు. కానీ పరీక్ష కాగితం శుభ్రంగానే వచ్చింది కదా, అంటే ప్రింటర్‌లో లోపం లేదు. ఏ కాగితమూ పెట్టకుండా స్కాన్ చేశాను. మరక అక్కడే ఉంది. మూత ఎత్తి అద్దం మీదికి వంగి చూస్తే, ఒక పక్కగా తడి కుంకుమతో పెట్టిన బొట్టు.

అత్తమ్మను అడిగాను.

“నా ముఖం కనవడ్డది గక్కడ్నే. బొట్టు ముఖానికి కాకపోతే యాడ పెడతరు?”

నాకు నవ్వాగలేదు. మెత్తటి బట్టను కొంచెం తడిపి అద్దం తుడిచాను. ఆమె ముఖంలో మాత్రం బెంగ కనబడింది.

“మూత మీద పెట్టు అత్తమ్మా. అద్దం మీద పెడితే బడిల ఉన్న ఏనుగులన్నిటికీ బొట్టొస్తది” అన్నాను. ఆమె వెంటనే కుంకుమ భరిణె అందుకుంది.

సోమవారం టీచరమ్మ కట్టను తిరగేసింది. మరకున్న కాగితం ఒకటి అందులో కలిసిపోయింది.

“దీనికేమైందమ్మా, నెత్తికి దెబ్బ తాకిందా?”

జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వి, ఆ ఒక్కటీ తీసి నా చేతికిచ్చింది. మిగతా కట్టను పిల్లలకు పంచమని బడిలోని ఆయమ్మకు అందించి, లోపలికెళ్లి తను గీసిన అక్షరాల బొమ్మలు తెచ్చి నా సంచిలో పెట్టింది.

ఇప్పుడు నేను పని చేస్తుంటే పాప పక్కనే కూర్చుని, పనికిరాని ప్రింట్ల మీద రంగులు వేస్తుంది. ఏనుగు వస్తే మాత్రం అలాగే వదలదు. ముందు దాని నెత్తి మీద ఎర్ర రంగు దిద్దాకే మిగతా ఒంటికి వస్తుంది.