చెవితో పనిలేని పద్ధతి

ఖాంగ్ షౌయీ ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంగ్లీషు చెప్పాడు. ఆ ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆ భాష మాట్లాడే మనిషి నోటివెంట వచ్చిన మాట ఆయనకు ఒక్కసారి కూడా పూర్తిగా అర్థం కాలేదు. ఈ సంగతి కట్టుకున్న భార్యకు కూడా తెలియదు.

అందులో ఆయన తప్పేం లేదు. మా పసుపు మట్టి కొండల్లో బంగాళాదుంపలు పండించుకునే ఇంట్లో పుట్టాడు. మిడిల్ స్కూల్లో ఆయనకు ఇంగ్లీషు చెప్పిన పంతులు అంతకు ముందు రష్యన్ చెప్పేవాడు. పైనుంచి ఉత్తర్వు వస్తే ఆరు నెలల్లో ఇంగ్లీషుకు మారాడు. అలాంటి చోట ఆ భాష పుస్తకంలోనే ఉండేది తప్ప గాలిలో ఎక్కడా లేదు. ఖాంగ్ నిఘంటువు పేజీలకు పేజీలు బట్టీపట్టి, టీచర్ల కాలేజీలో సీటు తెచ్చుకుని, తాలూకా లాంటి మా కౌంటీలోని హైస్కూల్లో ఉద్యోగంలో చేరాడు. ఎంత మెలికల పేరా ఇచ్చినా గడగడా విప్పి చెప్పేవాడు. వినమంటేనే ఒళ్ళు చల్లబడేది.

ఒక ఏడు రాజధాని నుంచి ఒక విదేశీ ఉపాధ్యాయురాలిని బడికి తీసుకొచ్చారు. వేదిక మీద ఆవిడ పక్కన నిలబడి ఆవిడ మాటలు పిల్లలకు చెప్పే పని ఖాంగ్‌కు పడింది. ఆవిడ నవ్వుతూ రెండు నిమిషాలు మాట్లాడింది. ఖాంగ్ చెమట తుడుచుకుని, "మన బడి చాలా బాగుందంటున్నారు" అన్నాడు. ఆవిడ మళ్ళీ మాట్లాడింది. "పిల్లలు కూడా చాలా బాగున్నారంటున్నారు" అన్నాడు. మూడోసారి ఆవిడ ఆయన్నే ఏదో అడిగి, జవాబు కోసం మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎనిమిది వందల మంది పిల్లలు కూడా చూస్తూ కూర్చున్నారు. పదిహేనేళ్ళు గడిచినా లెక్కల మాస్టారు ఝ్వాంగ్ భోజనాల హాల్లో నూడుల్స్ గిన్నెతో ఎదురు కూర్చుని, "ఏమయ్యా ఖాంగ్, ఇవాళ పులుసు చాలా బాగుందంటున్నారా?" అని అడుగుతూనే ఉండేవాడు.

ఆయన పద్ధతి ఆ అవమానంలోంచే పుట్టింది.

కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషుకు నూట యాభై మార్కులు. అందులో ముప్పై వినికిడికి. నల్లబల్ల మీదున్న స్పీకరు పెట్టెలోంచి ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ మాట్లాడుకుంటారు. ఇరవై ప్రశ్నలూ, ఒక్కోదానికి మూడేసి ఆప్షన్లూ ముందే కాగితం మీద అచ్చయి ఉంటాయి. ఆ ఇరవై నిమిషాలు ఊళ్ళో లారీలు ఆపేస్తారు, ఇళ్ళు కట్టేవాళ్ళ చేత పని మాన్పిస్తారు, హారన్ కొట్టిన వాణ్ణి పోలీసులు పక్కకు తీసుకుపోతారు. ఇంత హడావిడీ చెవి కోసం. ఖాంగ్ మాత్రం చెవిని నమ్మొద్దనేవాడు.

"పెట్టె నోరు విప్పేలోపే మీ పని అయిపోవాలి," అని ఏటా మొదటి రోజే చెప్పేవాడు. "కాగితం చదవండి. మూడు ధరలుంటే మధ్యదాన్ని పట్టుకోండి. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారని అడిగితే మొగుడూ పెళ్ళాలని పెట్టకండి, ఒకే ఆఫీసు వాళ్ళని పెట్టండి. అబ్బాయి సినిమాకి రమ్మంటే అమ్మాయికి ఎప్పుడూ చదువుకోవాల్సింది ఉంటుంది. పదకొండో ప్రశ్నలో గొడుగుందంటే పదో ప్రశ్నలో వాన పడే తీరుతుంది. ప్రశ్న వేసేవాడు కూడా మనలాంటి పంతులేరా, వాడి బుర్ర ఎంత దూరం పోతుంది?"

పిల్లలు నవ్వేవాళ్ళు గానీ మార్కులు మాత్రం వచ్చేవి. చుట్టుపక్కల బళ్ళలో ముప్పైకి పదహారు వస్తే ఈయన క్లాసుకు ఇరవై రెండు. అయినా సీనియర్ టీచరు హోదాకు ఐదుసార్లు దరఖాస్తు పెడితే ఐదుసార్లూ తిప్పిపంపారు. నిన్నగాక మొన్న వచ్చిన వాళ్ళు దాటిపోయారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆ హోదా లేకుండా ఇంటికి పోతే ఈ బడిలో తన గుర్తుగా మిగిలేది ఝ్వాంగ్ వేసే ఆ ఒక్క జోకేనని ఆయన బెంగ. ఆ బెంగ చిన్నదేమీ కాదు. మనిషిని లోపల్నుంచి తినేసేంత ఉండేది.

అలాంటి సమయంలో దొరికింది వెన్ యూలాన్.

మా బడిలో నెలనెలా పరీక్ష అయ్యాక ర్యాంకుల వరసన పిల్లల్ని వరండాలో నిలబెడతారు. మొదటి ర్యాంకు వాళ్ళు ముందు లోపలికెళ్ళి నచ్చిన కుర్చీ ఎంచుకుంటారు, ఆఖరి వాళ్ళకు చెత్తబుట్ట పక్క చోటు మిగులుతుంది. అరవై నాలుగు మంది ఉన్న క్లాసు. ఒక్క నెల తప్ప యూలాన్ ఎప్పుడూ మూడో ర్యాంకు దాటలేదు. లోపలికి రాగానే నేరుగా వెళ్ళి ముందు వరసలో, పంతులు నిలబడే చోటుకు ఎదురుగా కూర్చునేది. చదువు మీద ఎంత ఆకలి అని మాస్టర్లంతా మురిసిపోయేవాళ్ళు. ఆ ఒక్క నెల జ్వరంతో పరీక్ష సరిగ్గా రాయక ఇరవయ్యో ర్యాంకు వస్తే, ముందు కుర్చీ కోసం తోటి పిల్లకు నెల రోజులు నీళ్ళ ఫ్లాస్కు మోసిపెట్టింది. "పొగరు కాకపోతే ఏంటి, వెనక కూర్చుంటే ఇంగ్లీషు రాదా?" అన్నారు పిల్లలు. ఆమె ఎవరికీ సరిగ్గా బదులు చెప్పేది కాదు.

వినికిడిలో యూలాన్‌కు ముప్పైకి ఇరవై ఏడు వచ్చేవి. ఖాంగ్ పద్ధతిని ఆమె ఆయన కంటే లోతుగా పట్టేసింది. పాత ప్రశ్నపత్రాలు వందలు తిరగేసి సొంతంగా ఇంకో నలభై సూత్రాలు రాసుకుంది. ఖాంగ్ ఆ నోటుబుక్కు చూసి రెండు రోజులు నేల మీద నడవలేదు. విద్యాశాఖ కార్యాలయానికి ఆరో దరఖాస్తు రాసి, దాని వెంట ఆ పిల్ల మార్కుల పట్టిక జత చేశాడు. ఏప్రిల్ రెండో వారంలో గురువారం నాడు వచ్చి క్లాసు చూస్తామని జవాబొచ్చింది.

దానికి ముందు సోమవారం నమూనా పరీక్ష. ఇన్విజిలేషన్ ఖాంగ్‌దే. స్పీకరు పెట్టె మోగుతోంది, పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు. తొమ్మిదో ప్రశ్న మధ్యలో కరెంటు పోయింది. ఆ ఆడమనిషి మాట సగంలో ఆగిపోయింది.

అరవై మూడు తలలు ఒక్కసారి పైకి లేచాయి. ఒక్క తల లేవలేదు. యూలాన్ పదో ప్రశ్నకు జవాబు నింపింది. పదకొండుకు నింపింది. తర్వాత, పెట్టె ఆ ప్రశ్నల మధ్య ఎంతసేపు ఆగుతుందో అంతసేపు ఆగి, పేజీ తిప్పింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఖాంగ్ ఆమె ముందుకొచ్చి నిలబడేదాకా ఆమెకు ఏమీ తెలియలేదు.

పరీక్షయ్యాక మెట్ల మలుపు దగ్గర ఆమెను ఆపాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

ఆమె ఆయన పెదాలు చూసింది. అబద్ధం చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించినట్టుంది. "ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చింది మాస్టారూ. ఊరి డాక్టరు వారం రోజులు సూదులేశాడు. జ్వరం పోయింది, ఇది వచ్చింది. మొదట్లో బాగానే ఉండేది, ఈ రెండేళ్ళలో ఇంకా తగ్గింది. ఎదురుగా ఉండి మాట్లాడితే తెలుస్తుంది. ఆ పెట్టెకి మొహం లేదుగా."

"మీ ఇంట్లో తెలుసా?"

"కాస్త మందం అనుకుంటారు. పిలిస్తే పలకనని అమ్మ తిడుతుంది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే వికలాంగుల కార్డు చేయిస్తారు. మా ఊళ్ళో ఒక అక్కకి అలాగే చేయించి కుట్టుపని బడికి పంపేశారు. లెక్కల్లో ఆమె నాకంటే నయం మాస్టారూ, ఇప్పుడు గుండీలు కుడుతోంది." ఆమె గొంతు కాస్త పెద్దదైంది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలిసేది కాదు. "మీరెవరికీ చెప్పకండి. నాకు ఇరవై ఏడు వస్తున్నాయిగా. మీ పద్ధతి నాకు చాలు."

ఇక్కడే ఒక సంగతి ఉంది. ఖాంగ్ సొరుగులో ఒక నోటీసు పడి ఉంది. వినపడని విద్యార్థి పెద్దాసుపత్రి కాగితం తెస్తే వినికిడి భాగం రాయనక్కర్లేదు, మిగతా పేపరులో వచ్చిన దాన్నిబట్టి ఆ ముప్పై మార్కులూ లెక్కగట్టి కలుపుతారు. కుట్టుపని బడికి పంపడమేమీ ఉండదు. చదివి అర్థం చేసుకోవడంలో యూలాన్‌ను మించినవాళ్ళు కౌంటీలోనే లేరు, ఆమెకు ముప్పైలో ముప్పైకి దగ్గరగా వచ్చేస్తాయి. గడువు శనివారం. ఆసుపత్రిలో పరీక్షలకు మూడు రోజులు పడుతుంది, కాబట్టి ఆ సాయంత్రమే బస్సెక్కాలి.

ఖాంగ్‌కు ఇదంతా తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ గురువారం కళ్ళముందు కదిలింది. ఈ కౌంటీలో అందరికంటే బాగా వినే పిల్లకు అసలు వినపడదని తెలిస్తే కార్యాలయం వాళ్ళు ఏమంటారు? ఝ్వాంగ్ ఏమంటాడు? ఇంకో పదిహేనేళ్ళకు సరిపడా జోకు దొరికినట్టేగా.

"సరే," అన్నాడు. "ఎవరికీ చెప్పనులే."

ఆ పిల్ల వంగి దణ్ణం పెట్టింది. ఆ పిల్ల అడిగిందే ఆ పిల్లకు ఇచ్చాననీ, ఆమె మాట కాదనడం బాగుండదనీ ఖాంగ్ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మనిషికి తను చేయాలనుకున్న పాపాన్ని ఎదుటివాళ్ళే కోరి అడిగితే ఎంత హాయిగా ఉంటుందో ఆ వేళ ఆయన మొహం చూస్తే తెలిసేది.

గురువారం ముగ్గురు పెద్దమనుషులు వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు. ఖాంగ్ పద్ధతి వివరించాడు. పెట్టె మోగింది. యూలాన్ పదికి పది పెట్టింది. వచ్చిన వాళ్ళలో పెద్దాయన ఆమె భుజం తట్టి, "చెవులంటే ఇవమ్మా," అన్నాడు. ఆ మధ్యాహ్నం వేటమాంసం పులుసుతో భోజనం పెట్టారు, గ్లాసులు ఎత్తారు. ఝ్వాంగ్ కూడా గ్లాసు ఎత్తాడు, జోకు వేయలేదు. శుక్రవారం పొద్దున ఖాంగ్ సొరుగు తెరిచి నోటీసు మళ్ళీ చదివాడు. అప్పటికి ఆలస్యమైపోయింది. ఆలస్యమయ్యాకే దాన్ని మళ్ళీ బయటికి తీశాడని కూడా చెప్పాలి.

జూన్‌లో పరీక్ష. శుభమని మాస్టర్లంతా ఎర్ర చొక్కాలు వేసుకుని గేటు బయట నిలబడ్డారు. ఇంగ్లీషు పరీక్ష మొదలవగానే వీధి మొత్తం నోరు మూసుకుంది. లోపలి పెట్టె మాటలు గోడలు దాటి లీలగా వినిపించాయి. ఖాంగ్ చెవులు రిక్కించాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

అయిదింటికి పిల్లలు బయటికొచ్చారు. మొదట వచ్చిన కుర్రాడు ఖాంగ్‌ను చూడగానే తల అడ్డంగా ఊపాడు. "ఈసారి మీ సూత్రాలు నడవలేదు మాస్టారూ. మూడు ఆప్షన్లూ ఒక్కలాగే ఉన్నాయి. వింటే తప్ప తెలిసే దారే లేదు. పేపరు తయారుచేసే వాళ్ళకి మన సంగతి తెలిసిపోయినట్టుంది."

యూలాన్ చివర్లో వచ్చింది. ఆమె మొహంలో రంగు లేదు. "సగం వరకూ సూత్రాలతో చూశాను," అంది. "తర్వాత అన్నీ మధ్యవే పెట్టాను."

ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో ఆమెకు నూట పంతొమ్మిది. రాత భాగంలో నూట పదికి తగ్గదని ఖాంగ్‌కు తెలుసు కాబట్టి ముప్పైలో ఎన్ని వచ్చాయో వేళ్ళ మీద చెప్పగలడు. మొదటి శ్రేణి విశ్వవిద్యాలయాలకు పదమూడు మార్కులు తక్కువయ్యాయి. ఆ నోటీసు చూపించి ఉంటే ఆ పదమూడూ వచ్చి, ఇంకా మిగిలేవి. అదే వారం ఖాంగ్‌కు సీనియర్ హోదా వచ్చింది. పేరు గేటు పక్క బోర్డు మీద ఎర్ర కాగితంతో అంటించారు.

జూలైలో యూలాన్‌ను వెంటబెట్టుకుని ఆమె తండ్రి వచ్చాడు. మళ్ళీ ఒక ఏడాది చదివే క్లాసులో పేరు రాయించడానికి. చేతుల్లో మట్టి ఇంకా ఉంది, బూట్లు గుమ్మం బయట దులుపుకుని మరీ లోపలికొచ్చాడు.

"మీరు అంత కష్టపడి చెప్తే ఇది ఇలా చేసింది," అన్నాడు. "ఇంట్లోనూ ఇంతే మాస్టారూ. పిలిస్తే పలకదు. మీరైనా నాలుగు తిట్టండి, ఏమీ అనుకోం."

"మంచి పిల్లండీ," అన్నాడు ఖాంగ్.

తండ్రి సిగరెట్ కాల్చుకోవడానికి వరండాలోకి వెళ్ళాడు. యూలాన్ బల్ల మీద దరఖాస్తు పెట్టుకుని, తల వంచి రాస్తోంది. పేరు, పుట్టిన తేదీ, ఊరు. గదిలో ఇంకెవరూ లేరు. ఖాంగ్ ఆమె జుట్టు పాపిడి వైపు చూశాడు. లోపల కొన్ని నెలలుగా ఊరుతున్నది ఉన్నట్టుండి బయటికొచ్చేసింది.

"నాకు ముందే తెలుసు యూలాన్. ఒక దారి ఉంది. ఆసుపత్రి కాగితం తెస్తే ఆ వినికిడి భాగం రాయక్కర్లేదు. నిన్ను ఎక్కడికీ పంపేవాళ్ళు కాదు. నేను చెప్పలేదు. నా కోసం చెప్పలేదు. నేను చేసింది చాలా తప్పు."

మామూలు గొంతుతోనే చెప్పాడు. కన్నీళ్ళు కూడా వచ్చాయి, నిజమైనవే. తల ఎత్తకపోతే ఆమెకు వినపడదని తెలుసు. తెలుసు కాబట్టే ఇప్పుడు చెప్పాడు.

ఆమె కలం ఒక గడి దగ్గర ఆగింది. దరఖాస్తుదారుకు శారీరక లోపాలేమైనా ఉన్నాయా అని ఆ గడిలో అడిగారు. రాసే ముందు ఆమె తల ఎత్తింది. ఆయన తడి కళ్ళు, ఇంకా కదులుతున్న పెదాలు చూసింది.

"ఏమన్నా అన్నారా మాస్టారూ?"

ఇప్పుడామె ఆయన మొహంలోకే చూస్తోంది. ఈసారి ఒక్కో మాటా ఆమెకు తెలుస్తుంది. వచ్చే పరీక్షకు ఇంకా పదకొండు నెలలుంది, ఆసుపత్రి కాగితం గడువుకు తొమ్మిది నెలలుంది. కిటికీలోంచి గేటు పక్క ఎర్ర కాగితం కనిపిస్తోంది.

"ఏం లేదమ్మా," అన్నాడు. "కళ్ళలో దుమ్ము పడింది. నువ్వు రాయి."

ఆమె తల వంచి ఆ గడిలో 'లేవు' అని రాసింది. ఖాంగ్ కాగితం తనవైపు తిప్పుకుని, కింద సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాడు.