మట్టారెడ్డి ఇటలీ తుపాకీ

చివ్వెంల పక్కన కాలువ కింద పొలమున్న మట్టారెడ్డికి దేవుడు అన్నీ ఇచ్చాడు, ఆయన్ని చంపాలనుకునే మనిషిని తప్ప.

తుపాకీ లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నప్పుడు ఈ లోటు బయటపడింది. "మీకు ఎవరి వల్ల ప్రాణభయం ఉంది?" అని ఆఫీసరు అడిగితే మట్టారెడ్డి నెత్తి గోక్కున్నాడు. గట్టు తగాదా పెట్టుకున్న దుర్గయ్య పేరు చెబుదామంటే, ఆ మహానుభావుడు ముందురోజే ఇంటికొచ్చి కూతురి పెళ్లికి పిలిచి, మొదటి బంతిలోనే కూర్చోవాలని మాట తీసుకుని పోయాడు. ఇంకెవరున్నారు? చంపడం మాట దేవుడెరుగు, ఆయన్ని తిట్టుకోవడానికి కూడా ఊళ్లో ఎవరికీ తీరిక లేదు. అర్జీ బుట్టదాఖలైంది.

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే బావమరిది తిరుపతిరెడ్డికి మాత్రం లైసెన్సు ఉంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలని రూలు. మామూలు మనిషికి అదొక తలనొప్పి. తిరుపతిరెడ్డికి అది పెళ్లి ఊరేగింపు. ఇస్త్రీ చొక్కా తొడిగి, వెనక కార్లు పెట్టుకుని వెళ్లి అప్పజెప్పి, ఆ తర్వాత బావకు ఫోన్ చేసేవాడు. "ఏం జేస్తం బావా, ఎలక్షన్లు అయ్యేదాంక ఉత్త చేతులతోని తిరగాలె" అని నిట్టూర్చేవాడు. పుట్టినప్పటి నుంచి ఉత్త చేతులతోనే తిరుగుతున్న మట్టారెడ్డికి ఆ నిట్టూర్పు కడుపులో కారం పోసినట్టుండేది.

చివరికి కోదాడలో దారి దొరికింది. సినిమా షూటింగులకు కత్తులూ డాళ్లూ కిరాయికిచ్చే పని మానేసిన ముసలాయన ఒకడు, ఇనప్పెట్టె తెరిచి ఒక గుడ్డ మూట విప్పాడు.

"ఇటలీలో చేసిందండీ రెడ్డిగారూ. పాతకాలం రివాల్వరుకి అచ్చం నకలు. అయితే గొట్టంలో ఉక్కు పోసి మూసేశారు. ఈ జన్మలో పేలదండి."

"పేల్చేటందుకు గాదయ్యా," అన్నాడు మట్టారెడ్డి, "కనవడేటందుకు."

ఆయన్ని ఎంత ఎగతాళి చేసినా, వస్తువు బాగుందన్న మాట దాచకూడదు. చింతగింజ రంగు కర్రపిడి, నెమలిమెడ నీలం తిరిగిన ఉక్కు. ప్రతిసారీ వెనకున్న సుత్తిని బొటనవేలితో లాగితేనే గుండ్లచక్రం ఒక గడి తిరుగుతుంది. లాగకుండా మీట ఎంత నొక్కినా ఏమీ కాదు. ఆ లాగేటప్పుడు వచ్చే చప్పుడు వింటే మట్టారెడ్డి ఒళ్లు పులకరించేది. భార్య సుగుణ కుట్టుమిషను నూనె దొంగిలించి మరీ దానికి రాసేవాడు. అంత ముద్దుగా ఆయన పసిపిల్లల్ని కూడా ఎత్తుకోలేదు.

దసరా నాడు ట్రాక్టరు, మోటరు స్టార్టరు, కొడవళ్లు, గడ్డపార వరసగా పెట్టి సుగుణ పూజ చేస్తుంటే, ఆయన రివాల్వరు తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆమె దాన్ని దాటేసి కుట్టుమిషనుకు బొట్టు పెట్టింది.

"దీనికేదే?"

"పనిజేసేటిదానికే బొట్టు. ఇది కొయ్యది, తవ్వది, పేలది. దీనికెందుకు?"

ఊళ్లోవాళ్లకు ఆ సంగతి తెలియదుగా. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ చొక్కా కాస్త పైకి జరిపి, "లైసెన్సుది" అనేవాడు. మర్యాద పెరిగినట్టే అనిపించింది. పెరిగిన మర్యాద ఊరికే ఉండనిస్తుందా? పంచాయతీ ఎన్నికలు రాగానే సర్పంచ్‌గా నిలబడతానన్నాడు. ఖర్చులకు కాలువ కింది పొలం అమ్మకానికి పెట్టాడు. సుగుణ ఏడ్చింది, అన్నం మానేసింది, పుట్టింటికి పోతానంది. పొలం కొనేవాడు తన తోడబుట్టిన తిరుపతిరెడ్డే అని తెలిశాక పుట్టింటి మాట ఎత్తడం కూడా మానేసింది.

అప్పుడే తండా నుంచి ట్రాక్టరు నడపడానికి వచ్చే బాల్యా పదిమందిలో అడిగాడు: "పటేలా, అందరి తుపాకులు ఠాణాల పెడ్తున్నరంట. మీదెప్పుడు?"

అమాయకంగా అడిగాడో, కావాలనే అడిగాడో ఆ బాల్యాకే తెలియాలి. మట్టారెడ్డి లోలోపల లెక్కలు వేసుకున్నాడు. అప్పగించకపోతే తుపాకీ ఉత్తదని తేలిపోతుంది. పేలని తుపాకీని స్టేషన్లో పెడితే మాత్రం ఎవరు పేల్చి చూస్తారు? ఆయన బుర్రకు తోచిన తెలివి అంతే. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడిగి, రెండు కార్లు కిరాయికి మాట్లాడి, వెనక బైకులతో బయల్దేరాడు.

ఎస్సై రివాల్వరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "లైసెన్సు?"

"ఇంటికాడ ఉన్నది సార్."

"నంబరు ఏ లిస్టులోనూ లేదే. పెద్దమనిషీ, సీదా చెప్పుండ్రి. ఇది అసలుదైతే లైసెన్సు లేని ఆయుధం, మీరు ఇయ్యాల నుంచి లోపలుంటరు. నకిలీదైతే తీస్కొని ఇంటికి పోవచ్చు. ఏది?"

గుమ్మం దగ్గర ఊరంతా మెడలు చాచి నిలబడి ఉంది. మట్టారెడ్డి పెదాలు కదిలాయి.

"ఇనవడ్తలేదు. గట్టిగ చెప్పుండ్రి."

"బొమ్మ సారూ!"

నవ్వి ఉంటే నయమే. ఒక్కడూ నవ్వలేదు. బైకులు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి, తిరిగొచ్చేటప్పటికి వెనక బాల్యా ఒక్కడే మిగిలాడు. తనకు రావలసిన కూలి ఉంది కాబట్టి.

ఇల్లు చేరేలోపే కబురు ఊరు తిరిగింది. సాయంత్రం తిరుపతిరెడ్డి ఫోన్ చేశాడు, పొలానికి బయానా సొమ్ము ఎప్పుడు తేవాలని. "పోటీ జేస్తలేను బామ్మర్దీ, పొలం అమ్ముతలేను" అని మట్టారెడ్డి ఫోన్ పెట్టేసి, రివాల్వరును బల్ల మీదకు విసిరి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సుగుణ దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. తుపాకీ గొట్టం మీద నిండుగా బొట్టు పెట్టి దండం పెట్టుకుంది.

"ఇదేందే?" అన్నాడాయన తల తిప్పకుండానే.

"పొలం నిలవెట్టింది. పనిజేసింది గదా," అంది సుగుణ.