క్రియాటిన్ బాగున్న మనిషి

మా ఉద్దానంలో ఎవరికి ఒంట్లో బాగోలేదన్నా ముందు అడిగేది ఒకటే: "క్రియాటిన్ ఎంత?" ఎక్కడ నొప్పి అన్నది తర్వాత సంగతి. కిడ్నీలు పోవడం మా దగ్గర అంత మామూలు. అందుకే నా వేళ్లు వాచి, పొద్దున్నే జడ వేసుకోలేకపోతున్నానంటే మా అత్త నన్ను పలాస తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించింది. కాగితంలో క్రియాటినిన్ అని ఉన్నచోట ఒక్క అంకె చూసింది.

"బంగారం లాంటి కిడ్నీలే గుంటా నీవి! ఏటీ లేదు, పద."

అలా నాకు ఏ జబ్బూ లేదని తేలిపోయింది. ఆ మాట జబ్బుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను బీఎస్సీ చదివి పలాసలో జీడిపప్పు పొట్టు తీస్తాను. పప్పు విరగకుండా పైనున్న ఎర్రటి పొరని వేళ్లతో లాగాలి. విరిగిందా, పప్పు ధరతోపాటు సూపర్‌వైజర్ ముఖమూ పడిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు కలవకపోతే ఆ పని లేనట్టే. నావి పొద్దున్న పదింటిదాకా కలిసేవి కావు. పని మొదలయ్యేది ఎనిమిదికి.

చివరికి వైజాగ్‌లో కీళ్ల డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది: రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికి ఒక్కటే మాత్ర. ఎన్నాళ్లని అడిగితే, చాలా మర్యాదగా నవ్వింది. వెళ్లిన ప్రతిసారీ రైలు, పరీక్షలు, రెండు రోజుల కూలి. అయితే మూడో నెలకి వేళ్లు వంగాయి. పప్పు విరగడం మానేసింది.

అప్పుడు మా అత్త మాత్రల అట్ట చేత్తో పట్టుకుని వచ్చింది. మా మామ డయాలసిస్ మీదే పోయాడు. అలాంటి అట్టలు ఆవిడ చాలా చూసింది.

"బాగైపోనావు కదా, ఇంకా ఇవేటికి? మీ మావ కిడ్నీలు మాత్రల్తోనే పోనాయి. ఉన్నవైనా ఉంచుకో."

"ఆపొద్దని డాక్టరమ్మ చెప్పిందత్తా."

"ఆ డాక్టరమ్మ ఉద్దానంలో ఉంటాదేటి?"

బీఎస్సీలో దీనికి జవాబు చెప్పలేదు. పైగా వైజాగ్ ఖర్చు తప్పడం నాకూ నచ్చింది. మాత్ర ఆపింది నేనే. అత్త మీదకు తోయడం బాగోదు.

రెండు నెలలకి వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. ఈసారి మోకాళ్లూ తోడయ్యాయి. పని పోకూడదు కదా, మందుల షాపులో నొప్పి బిళ్లలు కొన్నాను. ఒకటి వేసుకుంటే మధ్యాహ్నందాకా చేతులు ఆడేవి. వాటికి నేను భయపడలేదు. కాళ్లనొప్పికి మా అత్త కూడా అవే వేసుకుంటుంది మరి. అలా ఆర్నెల్లు లాక్కొచ్చాను.

మళ్లీ వైజాగ్. డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కిడ్నీలకు భయపడి మానాల్సింది ఆ నొప్పి బిళ్లలమ్మా. మీరు వాటిని తిని, అసలు మందు మానేశారు."

క్రియాటినిన్ కొంచెం పెరిగింది. బిళ్లలు మానేస్తే దిగొచ్చని చెప్పింది. కుడి చూపుడువేలు మాత్రం ఇక తిన్నగా రాదంది. ఏడాదిగా నేను కాపాడుకుంటున్నది ఆ వేలినే.

నా క్రియాటిన్ పెరిగిందని ఊళ్లో కబురు పాకింది. నా జబ్బుకి మొదటిసారి గౌరవం వచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని మరీ బాధపడ్డారు. సూపర్‌వైజరైతే కరిగిపోయాడు.

"కిడ్నీ అని ముందే సెప్పవేటి అప్పా! రేపట్నించి పదింటికి రా."

"కిడ్నీ కాదు బాబూ, వేళ్లు. పొద్దున్న బిగుసుకుపోతాయి. ఏడాదిగా చెప్తున్నాను."

"వేళ్లయితే ఎనిమిదికే రావాల మరి. అందరికీ ఉంటాయి కదా వేళ్లు."

వేళ్లు వెనక్కి దాచుకున్నాను.

"కొంచెం కిడ్నీ కూడా," అన్నాను.

ఇప్పుడు పదింటికి వెళ్తున్నాను. వారం మాత్ర మళ్లీ మొదలైంది. చూపుడువేలు పనికి రాదు కాబట్టి నడిమివేలికి పొట్టు తీయడం నేర్పుతున్నాను; రోజూ కొన్ని పప్పులు దాని చదువుకి బలవుతున్నాయి. పోయిన నెల రిపోర్టులో క్రియాటినిన్ మామూలుకొచ్చింది.

ఆ కాగితం ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.