అపాయం కనిపిస్తే నొక్కండి

ఇంగ్లండుకి నర్సుగా వెళ్ళిన కొత్తలో, ఆ దేశంలో నాకు చేతకానిది ఏదైనా ఉంటే అది చలికి తట్టుకోవడం ఒక్కటే అనుకునేదాన్ని. పరీక్షలంటే లెక్కలేదు. ఒంట్లో ఎముకల పేర్లన్నీ కంఠతా పట్టి గట్టెక్కినదాన్ని, రోడ్డు గుర్తులు ఒక లెక్కా అనుకున్నాను. వయసు అలాంటిది. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళ పుండ్లకు కట్లు కట్టే ఉద్యోగం దొరికింది, దానికి కారు నడపడం రావాలి, కారు నడపాలంటే ముందు థియరీ పరీక్ష పాసవ్వాలి. ఇదంతా వరసగా జరిగిపోతుందని నేను ఫోన్లో చెప్పగానే, మనుబోలులో మా అమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, దేవుడు మా బిడ్డకు కారు ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పేసింది. (మా సంఘంలో సాక్ష్యం చెప్పడం సులువు. వెనక్కి తీసుకునే పద్ధతి మాత్రం లేదు.)

ఆ పరీక్షలో రెండు భాగాలు. మొదటిది ప్రశ్నలు, అవి బట్టీ పట్టి దాటాను. రెండోది వీడియోలు. మనమే కారులో కూర్చుని పోతున్నట్టు తెర మీద రోడ్డు కదులుతుంది, అపాయం మొదలవుతుండగా మౌస్ నొక్కాలి. హైవే పక్కన పుట్టి పెరిగినదాన్ని, అపాయం గురించి నాకు ఒకరు చెప్పాలా. ఆగి ఉన్న కారు కనిపించింది, నొక్కాను (తలుపు తీస్తారు). ఒకాయన కుక్కను నడిపిస్తున్నాడు, నొక్కాను (తాడు తెంపుకుంటుంది). తెరిచి ఉన్న గేటు, నొక్కాను (దూడ వస్తుంది). రోడ్డు మీద పసుప్పచ్చగా ఏదో పరిచి ఉంటే వడ్లు ఆరబోశారనుకుని రెండుసార్లు నొక్కాను. అవి రాలిన ఆకులు. మీరు మరీ ఎక్కువసార్లు నొక్కారు, దీనికి సున్నా అని తెర మీద వచ్చింది. ఇంచుమించు ప్రతి వీడియోకీ అదే వచ్చింది. రెండోసారి బుద్ధి తెచ్చుకుని, నిజంగా కొంప మునిగితే తప్ప నొక్కకూడదని బిగించుకుని కూర్చున్నాను. మునిగాక నొక్కితే మార్కులు ఇవ్వరట. మూడోసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇవ్వక తప్పదని మా మేనేజరమ్మ చాలా మర్యాదగా ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని సెలవుకు ఇంటికొచ్చాను. సంగతి చెబితే అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. వచ్చే ఆదివారం తనకు తలనొప్పి వచ్చేట్టుందని మాత్రం అంది.

మా నాన్న అన్న, నాకు పెద్దనాయన, ముప్పై ఏళ్ళు లారీ తోలి, అప్పటికి రొయ్యల గుంటలకు మేత చేర్చే చిన్న వ్యాను నడుపుతున్నాడు. సంగతి విని, ఆ వీడియోలేవో తనకు చూపించమన్నాడు. వరండాలో కళ్ళద్దాలు పెట్టుకుని నా ఫోన్లో సాధన మొదలుపెట్టాడు. నాకంటే ఎక్కువ నొక్కాడు. ఒక వీడియోలో ఏమీ లేదు, ఖాళీ వీధి, కిటికీల్లో పూలకుండీలు. అక్కడా నొక్కాడు. ఎందుకని అడిగాను.

"ఇంత ఖాళీగా ఉండాదంటే ఏదో జరిగుంటాది" అన్నాడు.

సున్నా వచ్చింది. ఈ మిషను ఎప్పుడన్నా రోడ్డెక్కిందా అని నన్ను విచారించి, ఫోను తిరిగిచ్చేసి, పొద్దున్నే వ్యాను దగ్గరికి రమ్మన్నాడు.

నాయుడుపేట దాకా మేత మూటలు వెయ్యాలి. పక్కన కూర్చోబెట్టుకుని, తన కాలు బ్రేకు మీదికి ఎప్పుడు పోతుందో ముందే చెప్పమన్నాడు. గూడూరు దాటేలోపు నేను నలభైసార్లు చెప్పి ఉంటాను, ఆయన కాలు నాలుగుసార్లు కదిలింది. రాంగ్ సైడులో గడ్డిమోపుతో ఎదురొచ్చిన మోటార్ సైకిలుకు కదల్లేదు. రోడ్డు మధ్యలో పడుకున్న ఆవుకూ కదల్లేదు, చుట్టి పోయాడంతే. ఒకచోట పక్కన మేస్తున్న గేదె తల ఎత్తింది. అప్పుడు కదిలింది. మేము నెమ్మదించాక, ఆ గేదె తీరిగ్గా రోడ్డెక్కింది.

"పడుకోనుండే ఆవు అపాయం కాదు మే, అది అక్కడ ఉండేదే. ఇంతసేపూ ఒక రకంగా ఉండి, ఉన్నట్టుండి మారబోతాది చూడు, దానికి నొక్కు."

పరీక్షకని కొన్న ఇంగ్లీషు పుస్తకం పేజీలకు పేజీలు రాసి నాకు ఎక్కించలేకపోయింది ఈ ముక్కే. సెలవు అయిపోయేదాకా రోజూ ఆ వ్యానులో వెళ్ళొచ్చాను. (మేత వాసన నా చున్నీలతో పాటు ఇంగ్లండు చేరింది.)

మూడోసారి అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ఆదివారం అమ్మ మళ్ళీ లేచి, పాత సాక్ష్యం ఊసెత్తకుండా కొత్తది చెప్పింది. ఫోను చేసిన రోజు పెద్దనాయన మార్కులెన్ని అని అడగలేదు.

"ఎవరికీ తగల్లేదు గదా?"

అది కంప్యూటరు మీద పరీక్ష, తగలడానికి ఎవరూ ఉండరని చెప్పాను.

"అయితే ఏం మే. తగల్లేదు గదా."

లేదన్నాను. సరేనని పెట్టేశాడు. ఆ మాట నాతో ఉండే నర్సులందరికీ చెప్పి నవ్వించాను, వాళ్ళకంటే ఎక్కువ నేనే నవ్వాను. తర్వాత కారు నడిపే పరీక్ష కూడా గట్టెక్కాను, ఉద్యోగం నిలబడింది. కారులో ఇంటింటికీ తిరగబట్టి చాలా ఏళ్ళయింది, పెద్దనాయన పోయి రెండేళ్ళు. అంత ధీమాగా నవ్విన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. రోజూ సాయంత్రం ఇంటి ముందు కారు ఆపి, తాళం చెవి చేతిలో పట్టుకుని ఒక నిమిషం కూర్చుంటాను. ఎవరికీ తగల్లేదు పెద్దనాయనా అని పైకే అంటాను. తర్వాతే దిగుతాను.