వార్తలమ్మ రాసిన మొదటి పేజీ

ఆ యూనివర్సిటీలో ఎవరికి ఏ మంచి జరిగినా ముందు ఆవిడ చెవిన పడాల్సిందే. ప్రమోషన్లు, పతకాలు, పరిశోధన గ్రాంట్లు, చివరికి వాలీబాల్ జట్టు గెలుచుకొచ్చిన కప్పు కూడా ఆవిడ చేతుల మీదుగానే క్యాంపస్ మాసపత్రికలోకి ఎక్కేవి. అందరూ ఆవిడను వార్తలమ్మ అనేవారు. పరిపాలనా భవనంలో మెట్ల కింద ఆవిడ గది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఫొటోల కవర్లతో తలుపు పడని బీరువా. “మేడం, మా ఫొటో కాస్త పెద్దదిగా వెయ్యరూ” అని బతిమాలేవాళ్ళతో ఆ గది ఎప్పుడూ సందడిగా ఉండేది.

ఆవిడ భర్త అక్కడే భూగర్భశాస్త్రం చెప్పేవాడు. పిల్లలు పెట్టిన పేరు రాళ్ళ మాస్టారు. ఆయన పేరు మాత్రం ఆ పత్రికలో ఒక్కసారీ పడలేదు. పాఠం చెప్పడం, విద్యార్థుల్ని కొండల వెంట తిప్పడం, తెచ్చిన రాళ్ళు కడిగి చీటీలు అంటించడం, అంతే ఆయన లోకం. “నేనేదైనా ఘనకార్యం వెలగబెడితే మొదట నీకే చెప్తాలే” అని నవ్వేసేవాడు. సొంత మొగుణ్ణి పొగుడుకుందన్న మాట పడకుండా బతికిపోయానని ఆవిడా సంతోషించేది.

ఒక సోమవారం రిజిస్ట్రారు ఆవిడను పిలిపించి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

“ఈ నెల మొదటి పేజీ ఇదేనమ్మా. మంచి హుషారుగా రాయండి.”

ఆవిడ అక్కడే నిలబడి చదివింది. కొత్తగా పర్యావరణ అధ్యయన కేంద్రం రాబోతోంది. భూగర్భశాస్త్ర విభాగం అందులో కలిసిపోతుంది. వచ్చే ఏడాది నుంచి ఆ కోర్సులో ప్రవేశాలుండవు. రాళ్ళ ప్రదర్శనశాలను ఖాళీ చేసి సమావేశ మందిరం కడతారు. అధ్యాపకుల సేవలను ‘తగిన చోట వినియోగించుకుంటారు’.

“వాళ్ళకు చెప్పారా సార్?”

“శుక్రవారం మీటింగులో చెప్తాం. అప్పటిదాకా ఈ మాట మీ నోట రాకూడదు. మీవారు అక్కడే పనిచేస్తారని తెలిసి కూడా మీకిస్తున్నానంటే, మీ మీద నమ్మకం కొద్దీ ఇస్తున్నా.”

ఆ నమ్మకం ఆవిడ గుండెల మీద బండలా కూర్చుంది. గదికి వచ్చి ‘విభాగం మూత’ అని టైపు చేసింది, చెరిపేసింది. ‘విలీనం’ అని పెట్టింది. ఆ మాటా మింగుడుపడలేదు. ఎంతమంది విజయాలకో చకచకా శీర్షికలు పెట్టిన చెయ్యి, ఆ రోజు ఎంతకీ కదలనంది.

సాయంత్రం ఆయన చొక్కానిండా దుమ్ముతో, మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

“కొత్త అద్దాల బీరువాలకు మా హెడ్డు ఒప్పుకున్నాడు తెలుసా! ఇన్నాళ్ళకు నా రాళ్ళకు ఓ మంచి ఇల్లు దొరికింది.”

ఆవిడ ఇంక ఉగ్గబట్టుకోలేకపోయింది. స్టవ్వు కట్టేసి, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కాళ్ళు కడుక్కోబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

“ఎవరు చెప్పారు?”

“నేనే రాస్తున్నానండీ ఆ వార్త.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత, “రేపొద్దున్నే రిజిస్ట్రారు దగ్గరికి వెళ్తా, అడిగేస్తా” అంటూ లేచాడు. లేచినవాడు మళ్ళీ కూలబడ్డాడు. “ఎలా తెలిసిందంటే ఏం చెప్పను? నీ ఉద్యోగం ఊడుతుంది.”

అప్పుడర్థమైంది ఆవిడకు తానేం చేసిందో. చెప్పకుండా ఉంటే కనీసం శుక్రవారం దాకా నవ్వుతూ తిరిగేవాడు. చెప్పి, ఆయన నోటికీ తాళం వేసింది.

ఆ వారమంతా ఆయన మామూలుగానే పాఠాలు చెప్పాడు. వచ్చే ఏడాది ఏ కొండలకు తీసుకెళ్తారని పిల్లలడిగితే, “చూద్దాంలే” అన్నాడు. బీరువాల కొలతలకు వడ్రంగి వస్తే పక్కనే నిలబడి టేపు చివర పట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఇవన్నీ ఆవిడకు చెప్పేవాడు, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

శుక్రవారం మీటింగులో గొడవ గొడవైంది. హెడ్డు బల్ల గుద్ది అరిచాడు. ఒకాయన ఏడ్చినంత పని చేశాడు. రాళ్ళ మాస్టారు ఒక్కడే తలొంచుకుని కూర్చున్నాడు. ఆయన ఏడుపు అప్పటికే అయిపోయింది మరి. అదే ఆయన కొంప ముంచింది.

ఆ సాయంత్రమే విభాగంలో ఆయనకు జూనియరైన ఒకతను వీళ్ళింటి గుమ్మంలోకి వచ్చాడు. రోజూ మధ్యాహ్నం ఆయనతో కలిసి తినే మనిషి, ఆవిడను నోరారా వదినా అని పిలిచే మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు.

“అన్నయ్యకు ముందే తెలుసు కదూ వదినా? పేపరు నీ చేతిలోనే ఉందాయె. మాకో మాట చెబితే నలుగురం కలిసి ఏదో ఒకటి చేసుకునేవాళ్ళం కదా.”

“ఆయన తప్పేం లేదు. నేనే...”

“నువ్వు లోపలికెళ్ళు” అన్నాడు భర్త వెనక నుంచి. తర్వాత జూనియరు వైపు తిరిగి, “అవునురా, తెలుసు” అన్నాడు. అతను ఆయన వైపు ఎగాదిగా చూసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మిగతావాళ్ళూ ఆయన ఎదురొస్తే ఫోను చూసుకుంటూ పక్కకు తప్పుకునేవారు.

పత్రిక వచ్చింది. ‘మరో ముందడుగు’ అని శీర్షిక. రిజిస్ట్రారు పెట్టించింది. సెలవులయ్యాక ఆయన్ని పరీక్షల విభాగంలో వేశారు. జవాబు పత్రాల కట్టలు లెక్కచూసి సీలు వేయించే పని. రాళ్ళు పెట్టెల్లోకెక్కి ఎక్కడో గోదాములోకి వెళ్ళాయట. ఎక్కడికని ఆయన అడగలేదు.

కొన్ని నెలలకు ఆయన దగ్గర చదివిన చివరి బ్యాచి అమ్మాయి ఒక పెద్ద పోటీలో బంగారు పతకం తెచ్చుకుంది. వార్తలమ్మ ఆ వార్త ప్రాణం పెట్టి రాసింది. ‘భూగర్భశాస్త్ర విభాగం విద్యార్థిని’ అని రాసి పంపితే, పైనుంచి దిద్దుబాటుతో తిరిగొచ్చింది. ఆ పేరుతో ఇప్పుడు ఏ విభాగమూ లేదు, కొత్త కేంద్రం పేరు వెయ్యండి అన్నారు. ఆవిడ మెట్లెక్కి వెళ్ళి అడిగింది. “ఇంత చిన్న విషయానికి ఇంత దూరం వచ్చారా?” అన్నాడు రిజిస్ట్రారు. కొత్త పేరే వేసింది.

పత్రిక బయటికొచ్చిన రోజే ఆ అమ్మాయి వార్తలమ్మ ఇంటికి ఫోను చేసింది.

“మేడం, చిన్న పొరపాటు జరిగింది. మా డిపార్ట్‌మెంటు పేరు తప్పు పడింది. నేను అసలు ఆ సెంటర్లో చదవనేలేదు. వచ్చే నెల సవరణ వేస్తారా? సారు చూస్తే బాధపడతారు.”

ఆయన ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ గొంతు ఎవరిదో పోల్చుకుని కళ్ళెత్తి చూశాడు.

“చూస్తానమ్మా” అంది ఆవిడ.

ఆ సవరణ పడదని ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఫోను ఆయన చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ పిల్లతో ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉన్నాడు, పతకం ఎంత బరువుందో, పోటీలో ఏ రాయి గురించి అడిగారో గుచ్చి గుచ్చి అడుగుతూ. ఆవిడ మంచం అంచున కూర్చుని వింటూ ఉండిపోయింది.