పచ్చళ్ళ కాలంలో పిచ్చమ్మ బరువు

చిలకలూరిపేట నుండి పర్చూరు వెళ్ళే దారి పొడవునా ఉన్న ఊళ్ళలో పండుమిరపకాయ పచ్చడి పెట్టదలచినవారు మొదట కబురు చేసేది పిచ్చమ్మకే. కాయలు తుడవడానికీ, తొడిమలు తీయడానికీ, గ్రైండరు తిప్పడానికీ ఎవరైనా చాలు. ఉప్పు సరిపోయిందని తేల్చే అధికారం మాత్రం ఆమె నాలుకది. ముప్పై ఏళ్ళుగా ఆ అధికారాన్ని ఆమె మరొకరికి అప్పగించిన సందర్భం లేదు.

అటువంటి మనిషికి నిరుడు వానాకాలంలో బొడ్డు వద్ద ఉబ్బు కనిపించింది. గుంటూరులోని డాక్టరమ్మ పరీక్షించి, అది హెర్నియా అనీ, ఆపరేషను తప్పదనీ, అయితే ఎనభై ఒక్క కేజీల శరీరంలో కుట్లు నిలవడం కష్టం గనుక డెబ్బై రెండుకు దిగి రావాలనీ స్పష్టం చేసింది. అంతవరకు జాడీ ఎత్తరాదు, బిందె మోయరాదు. నిండు జాడీని ఒంటి చేత్తో అటకపైకి చేర్చే పిచ్చమ్మకు ఇది శిక్షలాగే తోచింది. అయినా తొణకలేదు.

“తగ్గి చూపిస్తానమ్మా. అదెంత పని?” అని లేచి వచ్చింది.

పని పెద్దదే గాని, ఆమె పట్టుబట్టి చేసింది. రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు వచ్చింది. చీకటి విడవకముందే మిరపచేల పక్కగా కాలువ వంతెన దాకా నడిచి వచ్చేది. వచ్చీ రాగానే, కోడలు లక్ష్మీదుర్గ కొని తెచ్చిన బరువు మిషను ఎక్కి చూసుకునేది. మాఘమాసం ప్రవేశించేనాటికి అది డెబ్బై రెండున్నర చూపింది. ఆస్పత్రికి రమ్మన్న తేదీ దగ్గరపడింది. గెలుపు చేతికందినట్లేనని ఆమె నిశ్చయించుకుంది.

సరిగ్గా అప్పుడే పచ్చళ్ళు మొదలయ్యాయి. వరుసగా నాలుగిళ్ళ పని ముగించిన మర్నాటి ఉదయం మిషను డెబ్బై నాలుగు దాటింది. పిచ్చమ్మ దిగి, మిషనును నట్టింటికి జరిపి మళ్ళీ ఎక్కింది. గాజులు తీసి ఎక్కింది. అంకె మారలేదు.

“ఏమే దుర్గా, నీ మిషనుకేమన్నా తెగులొచ్చిందా?”

“దానికేం కాలేదత్తయ్యా. నేనెక్కితే నిన్న చూపించినంతే చూపిస్తంది.”

“అయితే తెగులు నాకే వచ్చిందన్నమాట.”

ఆ రాత్రి రొట్టె కూడా ముట్టలేదు. తెల్లవారి చూస్తే అంకె మరికాస్త పెరిగింది. నెలల తరబడి పడిన కష్టం రెండు పూటల్లో గంగలో కలిసిందా అని ఆమెకు మొదటిసారి బెంగ పుట్టింది.

పక్కింటి మాబూబీ ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. సంగతి విని మాబూబీ కొంగుముడి విప్పి, మాత్రల అట్ట తీసి ముందు పెట్టింది.

“విరేచనాల మాత్రలు వదినా. నిరుడు ఫంక్షనుకి ముందు మా ఆడబిడ్డ షమా ఇయ్యే వేసుకుంది. తెల్లారేసరికి కేజీన్నర దిగింది.”

“నిజంగానా?”

“నా కళ్ళతో చూశా. నీరసమొచ్చి మంచమెక్కిందనుకో, అది వేరే సంగతి.”

“మరి ఆ కేజీన్నర మళ్ళీ ఎప్పుడొచ్చింది?”

మాబూబీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “మూడోనాటికి. మజ్జిగ తాగింది, మంచినీళ్ళు తాగింది, వచ్చేసింది.”

“నీ దుంపతెగ! అయితే పోయింది నీళ్ళే కదే! దాని కొవ్వు దాని దగ్గర భద్రంగానే ఉంది.”

“నీళ్ళో కొవ్వో, అంకె తగ్గిందా లేదా?”

పిచ్చమ్మ మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఒక్క రాత్రిలో పోయినది నీరైతే, ఒక్క రాత్రిలో వచ్చినది మాత్రం కొవ్వు ఎందుకవుతుంది? ఈ నాలుగు రోజులూ తాను తిన్నది తక్కువే. కానీ ఇంటింటా పచ్చడి ముద్ద నాలుకన వేసుకుని ఉప్పు చూస్తూనే ఉన్నది. ఆ దాహానికి చెంబు వెంట చెంబు నీళ్ళు తాగుతూనే ఉన్నది. ఆమె లేచి, నిన్న తమ ఇంటికని ఉప్పు వేసి తొక్కిన కాయల జాడీకి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. పైన ఎర్రని ఊట తేలి ఉంది. ఉప్పున్న చోటికి నీరు చేరుతుందని ఆమెకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి చూసింది. పడిన సొట్ట వెంటనే పూడలేదు.

“వదినా, నేను లావెక్కలేదు. ఊరాను! నీ మాత్రలు నువ్వే దాచుకో.”

నిర్ణీత తేదీన ఆస్పత్రిలో కాటా డెబ్బై మూడున్నర చూపింది.

“ఇంకా డెబ్బై రెండుకి రాలేదే పిచ్చమ్మగారూ. నెల పోయాక చూద్దాం,” అన్నది డాక్టరమ్మ.

“నెల అక్కర్లేదమ్మా, వారం ఇవ్వండి. ఇది పచ్చళ్ళ ఉప్పుకి పట్టిన నీరు. తగ్గకపోతే మీరు చెప్పిందే వింటాను.”

డాక్టరమ్మ ఆమె కాళ్ళు నొక్కి చూసింది. ఆ వాపుకు మరే కారణమైనా ఉన్నదేమోనని గుండెకూ మూత్రపిండాలకూ పరీక్షలు చేయించింది. వాటిలో లోపం లేదని తేలాక నవ్వింది.

“మీరన్నది నిజమే. ఒక్కరోజు అంకె చూసి భయపడకూడదు, మురిసిపోకూడదు. రోజూ ఒకే వేళకి చూసుకుని, వారం మొత్తం మీద ఎటు పోతోందో గమనించండి. వారం ఇస్తా. కానీ బీపీ పెరిగింది. ఇక ఉప్పు మీరు చూడకూడదు.”

“పచ్చడి పెట్టేదాన్ని ఉప్పు చూడొద్దంటే ఎట్టాగమ్మా?”

“ఇంకెవరికీ నాలుక లేదా?”

ఆ మాట పిచ్చమ్మకు మిరపఘాటు కన్న గట్టిగా తగిలింది. అయినా మర్నాడు, పచ్చడి పెట్టడం మిగిలిన మరో ఇంటికి పోతూ మాబూబీని వెంట తీసుకువెళ్ళింది. గ్రైండరు ఆగగానే ఇంత ముద్ద తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

“నాలుకన వేసుకో. ఏం తగిలింది?”

“కారం.”

“కారం తగలక పాలకోవా తగులుద్దా? ఉప్పు సంగతి చెప్పు.”

“చాల్లేదు వదినా. ఇంకో గుప్పెడు పడాలి.”

పిచ్చమ్మ వేలు గిన్నె దాకా వెళ్ళి ఆగింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నది.

“నీ గుప్పెడా, నా గుప్పెడా?”

“నా గుప్పెడే.”

“అయితే వెయ్యి.”

ఆ తరువాత అంకె దిగసాగింది. ఒకనాడు కదలలేదు. ఒకనాడు కాస్త ఎక్కింది కూడా. లక్ష్మీదుర్గ ముఖం వాడిపోతే పిచ్చమ్మే సముదాయించింది.

“కంగారుపడమాకే. రాత్రి చేపలపులుసు తిన్నా. రేపు కాకపోతే ఎల్లుండి దిగుద్ది.”

గడువు నాటికి ఆస్పత్రి కాటాపై అంకె డెబ్బై రెండుకు లోపలే నిలిచింది. డాక్టరమ్మ ఆపరేషనుకు తేదీ నిర్ణయించింది.

“అయ్యాక జాడీ ఎప్పుడెత్తొచ్చమ్మా?”

“మూడు నెలలు ఆగాలి.”

“అయితే ఆవకాయలకి అందుకుంటా,” అని పిచ్చమ్మ లేచింది.

“మరి ఉప్పు?”

“దానికి మా వదినుంది లెండి. గుప్పెడు కాస్త చిన్నది, అంతే.”